మఖ్మల్ రోజా

కుందేలు నోటి దగ్గర నుంచి కొత్తిమీర కాడ లాక్కోవడానికి గుల్జార్ బీకి మనసు రాలేదు. అయినా లాక్కుంది. గిన్నెలో నీళ్ళు కూడా పెరట్లో కరివేపాకు చెట్టు మొదట్లో పోసేసి, గిన్నె బోర్లించింది.

"ఓర్చుకోమ్మా. నీకు తోడు నేనూ ఉండాను," అని దాని చెవుల మధ్య నిమిరింది.

తెల్లవారకముందే సహరికి రెండు రొట్టెలు తిని సోమవారం రోజా ఉపవాసం ఉంటానని మనసులో నియ్యత్ చేసుకుంది ఆమె. ఆపరేషన్‌కు పోయే ప్రాణం ఖాళీ కడుపుతో పోవాల. తన పిత్తాశయంలో రాళ్ళు తీసినప్పుడు అట్లాగే చేసినారు. నోరులేని జీవాన్ని ఒక్కదాన్నే పస్తు పెట్టడం న్యాయం కాదనిపించి, తానూ పస్తు ఉంది. ఒకే ఇంట్లో ఇద్దరూ రోజా ఉంటే అల్లా ఒకరి మొర కాకపోతే ఇంకొకరి మొరైనా వింటాడని ఆమె లెక్క.

ముందు గదిలోని పరుపుల అంగట్లో ఆమె మొగుడు బాబు సాహెబ్ బూరుగు దూది చిరాకుగా ఎగరగొడుతూ గొణుగుతూనే ఉన్నాడు. గర్భసంచి ఇచ్చినవాడు దేవుడు, తీసేయడానికి మనమెవరం అన్నాడు. తన నాయన కాలంలో కుందేలుకు జబ్బు చేస్తే మసాలా నూరేవాళ్ళేగాని మదనపల్లె బస్సు ఎక్కేవాళ్ళు కాదన్నాడు.

గుల్జార్ బీ గడప దగ్గరకొచ్చి నిలబడింది.

"అది కోడలి కుందేలు. రేపు కోడలొచ్చి యాడ నా మఖ్మల్ అంటే ఏం సూపిస్తావు? కూర చట్టినా?"

"వస్తాదని ఎవురు చెప్పినారు నీకు?"

ఆ మాటతో దూది కొట్టే కర్ర ఆగింది. వాకిట్లో వెదురుబుట్ట తుడుస్తున్న ఖైసర్ చెయ్యి ఆగింది. తండ్రి అన్నది తననేనని అతనికి తెలుసు. తల ఎత్తకుండా మళ్ళీ తుడవడం మొదలుపెట్టాడు.

కోడలు పుట్టింటికి పోయిన ఆ దినం, ముందు అందరూ నవ్వారు. మఖ్మల్ తన రొమ్ము మీది బొచ్చు తానే పీక్కుని, అంగట్లో రాలిన దూది ఏరుకుని, పరుపుల మూలన చక్కగా గూడు కట్టింది. ఇంట్లో ఇంకో కుందేలు లేదు. మగ కుందేలు మొగం చూసిన పాపాన పోలేదు. అయినా అది పిల్లలకోసం గూడు కట్టుకుని, దాని పక్కన కాపలా కూర్చుంది. చూడవచ్చిన ఖైసర్ నవ్వుతూ పెళ్ళాం వైపు తిరిగి అన్నాడు.

"సూడు సబా, దీనికన్నా బుద్ధి ఉండాది. గూడు కట్టుకుంటాండాది. నీకెప్పుడో మరి."

సబా అంట్లు తోమి బోర్లించింది. రెండు జతల బట్టలు సంచిలో పెట్టుకుని కుప్పం బస్సెక్కి పుట్టింటికి పోయింది. వంటింట్లో ఉన్న గుల్జార్ బీకి కొడుకు మాట వినపడింది. పాలపొంగులా దానంతటదే అణిగిపోతుందనుకుని పొయ్యి దగ్గరే ఉండిపోయింది. ఆ పొద్దు నుంచీ తల్లీ కొడుకుల మధ్య కూడా మాటలు తగ్గిపోయాయి. అన్నం పెట్టాలా అంటే పెట్టు, లేదంటే వద్దు, అంతవరకే.

సబా ఫోను మాత్రం దినామూ పొద్దుగూకి మగ్రిబ్ నమాజు అయినాక వచ్చేది. అత్త ఎట్లుందని గానీ, మొగుడు ఎట్లున్నాడని గానీ అడిగేది కాదు. "మఖ్మల్ తినిందా అత్తా?" అనేది. "తినింది" అనేది గుల్జార్ బీ. అంతే, పెట్టేసేది. ఆ ఒక్క ప్రశ్న కోసం గుల్జార్ బీ సాయంత్రమంతా ఫోను ఒళ్ళోనే పెట్టుకుని కూర్చునేది.

కుందేలు ఉచ్చలో రక్తం కనబడింది ఆ తరువాతే. పుంగనూరు పశువుల ఆసుపత్రి డాక్టరు పొట్ట నొక్కి చూసి, గర్భసంచిలో వాపు ఉందని, ఆవులకైతే తాను చేస్తానుగానీ ఇంత చిన్న జీవానికి మదనపల్లెలో ఒక డాక్టరమ్మ ఉందని చెప్పాడు. గర్భసంచి తీసేస్తే బతుకుతుంది, తీయకపోతే ఎక్కువ దినాలు ఉండదు అన్నాడు. ఆ సంగతి గుల్జార్ బీ కోడలికి చెప్పలేదు. దినామూ "తినింది" అనే చెబుతూ వచ్చింది. ఈ జీవం పోతే ఆ ఫోను కూడా రాదు. ఇంకేం అడగడానికి చేస్తుంది ఆ పిల్ల?

బుట్ట తీసుకుని బయలుదేరుతుంటే బాబు సాహెబ్ లోపలి నుంచి వచ్చి ఏదో బుట్టలోకి తోసి, మాట్లాడకుండా వెనక్కు పోయాడు. అది బుట్ట అడుగంత పరుపు. చారల గుడ్డతో కుట్టి, నాలుగు మూలలా కుచ్చులు కూడా పెట్టాడు. కొత్త పెళ్ళికూతురి పరుపుకు పెట్టినట్టు.

గుల్జార్ బీ ఇంకొక పని చేసింది. తన పెట్టెలో నుంచి ఆకుపచ్చ గుడ్డముక్క తీసి బుట్ట పిడికి కట్టింది. దాని ముడిలో ఒక నాణెం ఉంది. ఇమామ్ జామిన్. ఈ గడప దాటి దూరం పోయేవాళ్ళకు ఆమె తన చేతులతో కుడి జబ్బకు కట్టి పంపుతుంది, క్షేమంగా తిరిగి రావాలని. ఒక్క సబాకే కట్టలేకపోయింది. ముడి వేసి బస్టాండుకు ఉరికేసరికి బస్సు మలుపు తిరిగిపోయింది. అప్పటి ముడే ఇది.

*

బస్సులో కండక్టరు బుట్టలోకి తొంగి చూసి, లగేజీ టికెట్టు అడగకపోగా కిటికీ పక్క సీటు చూపించాడు. గుల్జార్ బీ అతని పిల్లాజెల్లా చల్లగా ఉండాలని దీవించింది. ఖైసర్ వెనక సీట్లో కూర్చున్నాడు. దారి పొడుగునా టమాటా బుట్టల లారీలు ఎదురవుతూనే ఉన్నాయి. తల్లి వెనక్కు తిరగలేదు, కొడుకు ముందుకు వంగలేదు.

డాక్టరమ్మ అశ్విని చిన్నపిల్ల. గుల్జార్ బీ కంటికి పెళ్ళి కూడా కానట్టు కనిపించింది. కానీ కుందేలును ఎత్తుకున్న తీరులో, ఒక చెయ్యి రొమ్ము కింద, ఒక చెయ్యి వెనక కాళ్ళ కింద పెట్టి గుండెకు ఆనించుకున్న తీరులో, ఆమెకు ధైర్యం వచ్చింది.

"పొద్దున ఏం తినిందమ్మా?"

"ఏమీ లేదు మేడం," గుల్జార్ బీ గర్వంగా చెప్పింది. "సహరి అప్పటి నుంచి నీళ్ళు కూడా ముట్టనీయలేదు. నేనూ రోజానే."

అశ్విని కుందేలును బల్ల మీద దించి ఖైసర్ వైపు చూసింది. "ఫోన్లో మీకు చెప్పినాను కదా. బయలుదేరే వరకూ తింటూనే ఉండాలని."

ఖైసర్ తల దించుకున్నాడు.

మనుషులకైతే మత్తులో వాంతి వస్తుందని కడుపు ఖాళీ పెట్టిస్తామని, కుందేలుకు వాంతి రాదని డాక్టరమ్మ చెప్పింది. దాని పేగులు ఆగకుండా ఆడుతూ ఉండాలి. ఆగితే పొట్ట ఉబ్బి, ఆపరేషన్ కంటే ముందు ఆ ఉబ్బరమే ప్రాణం తీస్తుంది. ఈ పరిస్థితుల్లో మత్తు ఇవ్వలేను, ముందు తినాలి, తింటే మధ్యాహ్నం చూద్దాం, తినకపోతే ఈరోజు కత్తి పట్టను అంది. కోపంగా అనలేదు. అందుకే గుల్జార్ బీకి ఇంకా భయమేసింది.

బయట వసారాలోకి వచ్చాక ఆమె కొడుకు మొగంలోకి చూసింది.

"నీకు చెప్పిందంట."

"చెప్పింది."

"నాకు యాల చెప్పలే?"

ఖైసర్ చెప్పులవైపు చూస్తూ నిలబడ్డాడు. "మనం మాట్లాడుకుంటే కదామ్మా చెప్పేకి."

ఆమె ఎవరి మీద కోపగించుకోవాలో తెలియక బుట్ట పక్కన కూలబడింది. మఖ్మల్ చిన్న పరుపు మీద ముద్దగా ముడుచుకుని, కళ్ళు సగం మూసుకుని ఉంది.

చౌడేపల్లె వైపు నుంచి కాలు విరిగిన మేకపిల్లను తెచ్చిన గంగులమ్మ బెంచీ మీద కూర్చుని ఇదంతా విన్నది. అడగకముందే తన మూటలో నుంచి లేత గరిక గుప్పెడు తీసి బుట్టలో పెట్టింది. పొద్దున గట్టు మీద కోసిందంట, ఇంకా తడి ఆరలేదు.

"దీని అదృష్టం సూడక్కా," అంది గంగులమ్మ. "నాకు క్యాంపులో పిల్లల ఆపరేషన్ చేసి, ఒక బిస్కెట్టు పొట్లం చేతిలో పెట్టి నడిచిపొమ్మన్నారు. దీనికి పరుపు, కుచ్చులు."

గుల్జార్ బీకి ఏడుపులోనే నవ్వొచ్చింది. గరిక తీసి కుందేలు మూతి దగ్గర పెట్టింది. మఖ్మల్ మొగం తిప్పుకుంది. ఖైసర్ ఉరికిపోయి క్యారెట్ తెచ్చాడు, పుదీనా తెచ్చాడు. దేన్నీ ముట్టలేదు. ముగ్గురూ దాని మీదికి వంగి బతిమాలేకొద్దీ అది ఇంకా ముడుచుకుపోయింది.

ఇక దాచి లాభం లేదు. గుల్జార్ బీ ఫోను తీసి ఖైసర్ చేతికిచ్చింది. అతను నంబరు నొక్కి, వెంటనే తల్లికే ఇచ్చేసి, నాలుగడుగులు దూరం పోయి గోడకు ఆనుకున్నాడు.

"ఏమత్తా, ఈ యాళప్పుడు చేసినావు?"

గుల్జార్ బీ మొత్తం చెప్పేసింది. రక్తం సంగతి, వాపు సంగతి, దినామూ తినింది అని చెప్పిన సంగతి, రోజా సంగతి. చెవుడు మొదలయిన దగ్గరనుంచీ ఆమె ఫోను పెద్ద శబ్దంలోనే పెట్టుకుంటుంది. అవతలి మాట వసారా అంతా వినిపిస్తుంది.

"గర్భసంచి తీసేస్తారంటమ్మా. ఇంక దానికి పిల్లలు పుట్టవు. నీ కుందేలు. నువ్వు సరే అంటేనే."

సబా గొంతు వచ్చింది.

"పిల్లలు పుట్టకపోతే అది మఖ్మల్ కాకుండా పోతాదా అత్తా? బతికించండి సాలు."

గోడ దగ్గర ఖైసర్ కదల్లేదు. గంగులమ్మ ఎవరి వైపూ చూడకుండా మేకపిల్ల చెవి దువ్వుతూ కూర్చుంది.

"ఏం పెట్టినా తినలేదమ్మా."

"సూస్తాండారా దాన్ని?"

"సూడకుండా ఎట్ల? ముగ్గురం దాని ముందరే ఉండాము."

"అందుకే తినలే. ఎవురన్నా కండ్లార్పకుండా సూస్తాంటే అది తినదు. ఆకు కింద పెట్టి, అందురూ ఆ పక్క తిరుక్కొని కూచ్చోండి. మాట్లాడద్దండి."

ఆకు కింద పెట్టారు. గుల్జార్ బీ గోడ వైపు తిరిగింది. ఖైసర్ తిరిగాడు. గంగులమ్మ కొంగు సర్దుకుని తనూ తిరిగింది. బిల్లు రాసే అమ్మాయి ఎందుకో అడగబోయి, తనూ కుర్చీ తిప్పుకుంది. మేకపిల్ల ఒక్కటే ఎవరి మాటా వినలేదు.

గోడ మీద గొర్రెలకు టీకాలు వేయించమనే బొమ్మ ఉంది. గుల్జార్ బీ ఆ గొర్రె కళ్ళలోకి చూస్తూ తనకు వచ్చిన దువాలన్నీ చదివింది. ఫోను ఒళ్ళో ఇంకా వెలుగుతూనే ఉంది. అవతల సబా కూడా పెట్టేయలేదు.

ముందు బుట్ట కిర్రుమంది. తరువాత చిన్నగా, ఎండాకు మీద చినుకు పడినట్టు, కరకర.

ఎవరూ తిరగలేదు. గంగులమ్మ మాత్రం గుల్జార్ బీ మోకాలి మీద చెయ్యి వేసి నొక్కింది.

"తినిందా అత్తా?" ఫోనులో సబా అడిగింది.

"తింటాందమ్మా," అంది గుల్జార్ బీ. ఇన్ని దినాలకు ఆ మాట నిజమయింది.

*

ఆపరేషన్ అయ్యేవరకూ ఆమె లేచి నిలబడే ఉంది. కూర్చుంటే ఏమవుతుందోనని భయం. అశ్విని బయటకు వచ్చి, గడ్డ ఇంకా ముదరలేదని, పూర్తిగా తీసేశానని చెప్పినప్పుడు, గుల్జార్ బీ ఆ చిన్నపిల్ల రెండు చేతులూ పట్టుకుని కళ్ళకద్దుకుంది. అశ్విని టీ తెప్పిస్తే, తనకు రోజా అని గంగులమ్మకు ఇప్పించింది. గంగులమ్మ టీ తాగి, మిగిలిన గరిక అంతా బుట్టలో సర్ది, మేకపిల్ల కాలికి కట్టు కట్టించుకుని పోయింది. మళ్ళీ యాడ కలుస్తామో అనుకుంది గుల్జార్ బీ. పోయే ప్రతి మనిషినీ చూస్తే ఆమెకు వచ్చే తలపే అది. ఈసారి మాత్రం దాని వెనక దిగులు రాలేదు. ఈ మనిషి ఈ దినానికి రావాల్సింది, వచ్చింది, అంతే చాలనిపించింది.

డాక్టరమ్మ జాగ్రత్తలు చెప్పింది. పొద్దుగూకే లోపల ఏదైనా తినాలి. పెంటికలు వేయాలి. తినకపోతే వెంటనే ఫోను చేయాలి. చలిగాలి తగలకూడదు.

"బస్సులో దూరం పోవచ్చునా మేడం?" అని గుల్జార్ బీ అడిగింది. ఎందుకడిగిందో ఆమెకే తెలియదు.

"బాగా కప్పి తీసుకుపోతే ఎంత దూరమైనా పోవచ్చు."

తిరుగు బస్సులో ఖైసర్ వచ్చి తల్లి పక్కన కూర్చున్నాడు. బుట్ట తన ఒళ్ళో పెట్టుకున్నాడు. గతుకు వచ్చినప్పుడల్లా బుట్టను రెండు చేతులతో గాల్లోకి ఎత్తి పట్టుకున్నాడు. ఆమె తన శాలువా కొస బుట్ట మీదికి జరిపింది.

*

పుంగనూరులో ఇంటి సందు తిరిగేసరికి అంగడి మెట్టు మీద సబా కూర్చుని ఉంది.

గుల్జార్ బీ ముందు చూసింది సంచీని. చిన్న సంచి. పోయేటప్పుడు తీసుకుపోయినంత కూడా లేదు. ఉండడానికి వచ్చినవాళ్ళు తెచ్చే సంచి కాదది.

సబా లేచి ఎదురొచ్చి, మొగుడి చేతిలో నుంచి బుట్ట అందుకుంది. అతని మొగం చూడలేదు. గుడ్డ తొలగించి మఖ్మల్ ముక్కు మీద వేలు పెట్టింది.

"తీసకపోనీకి వచ్చినా అత్తా. ఆఖరి బస్సు ఉండాది."

పొద్దున నుంచీ గుల్జార్ బీ ఏ దారం తెగకూడదని పరుగులు పెట్టిందో, ఆ దారాన్నే చుట్ట చుట్టుకుని తీసుకుపోవడానికి వచ్చింది పిల్ల. కుందేలు కుప్పం పోతే ఇంక సాయంత్రం ఫోను ఎందుకు?

"డాక్టరమ్మ ప్రయాణం చేయొచ్చు అనిందా?" అని సబా అడిగింది.

ఒక్క మాట. వద్దనింది అంటే చాలు, పది దినాలు ఈ పిల్ల ఇక్కడే ఉంటుంది. ఆ మాట గుల్జార్ బీ నాలుక కొసకు వచ్చేసింది. ఎండిపోయిన నాలుక. ఇంకా విప్పని రోజా. దినామూ తినింది అని చెప్పిన నోరు.

"పోవచ్చు అనింది," అంది గుల్జార్ బీ. "బాగా కప్పుకోని ఎంత దూరమన్నా పోవచ్చు. కానీ ముందు తినాల. తినకుండా పంపలేను."

సబా అత్త మొగం వైపు ఒక క్షణం అట్లాగే చూసింది. తరువాత బుట్ట పిడి మీద ఆకుపచ్చ గుడ్డ ఆమె కంట పడింది. ముడి తడిమింది. లోపల నాణెం తగిలింది.

"దీనికి కూడా కట్టినావా?"

"దీనికని వేసిన ముడి కాదమ్మా అది. ఆ దినం బస్టాండుకు తెచ్చేలోపల బస్సు పోయింది."

సబా ఆ ముడి వదల్లేదు. చాలాసేపు వదల్లేదు.

లోపల పరుపుల మూలన, ఇంకా ఎవరూ తీయని ఆ గూడు పక్కనే బుట్ట దించారు. సబా గరిక కింద పరిచింది. బాబు సాహెబ్ ఎవరూ చెప్పకముందే గోడ వైపు తిరిగి కూర్చున్నాడు. సబా ఫోనులో చెప్పిన ఉపాయాన్ని ఖైసరే ఆసుపత్రి నుంచి తండ్రికి ఫోను చేసి చెప్పినట్టుంది. గుల్జార్ బీ తిరిగింది. ఖైసర్ తిరిగాడు. సబా వచ్చి అత్తకూ మొగుడికీ నడుమ ఖాళీగా ఉన్న చోట కూర్చుని, తనూ తిరిగింది. నలుగురూ ఒకే గోడను చూస్తూ కూర్చున్నారు.

మసీదులో అజాన్ మొదలైంది. సబా చెయ్యి చాచి నీళ్ళ గ్లాసు అత్త చేతిలో పెట్టింది.

"విప్పు అత్తా."

గుల్జార్ బీ బిస్మిల్లా అనుకుని ఒక్క గుక్క తాగింది. ఆ చల్లదనం గొంతులో దిగుతుంటే ఆమెకు కళ్ళు నిండాయి. అల్లా, ఈ ఒక్క పూటకైనా ఇంటి నలుగురినీ ఒక గోడ ముందు కూర్చోబెట్టినావు, చాలు, అనుకుంది.

వెనక ఇంకా ఏ చప్పుడూ లేదు. బస్టాండు వైపు నుంచి కుప్పం పోయే ఆఖరి బస్సు హారన్ వినిపించింది. సబా లేవలేదు. గోడను చూస్తూనే, మెల్లగా అంది.

"ఆ దినం గూడు ముందర నన్ను ఒక మాట అంటివి."

ఖైసర్ ఆమె వైపు తిరగబోయి ఆగాడు.

"ఇప్పుడు దానికి గర్భసంచి లేదు. గూడు మాత్రం ఈడనే ఉండాది. ఆ మాట మళ్ళా ఒకసారి అను. నీ నోట ఎట్లొస్తాదో ఇనాల నేను."

గ్లాసు గుల్జార్ బీ పెదవుల దగ్గరే నిలిచిపోయింది. బాబు సాహెబ్ తల ఇంకా కిందికి వంచాడు. ఖైసర్ నోరు తెరిచాడు.

అప్పుడు వాళ్ళ వెనక, చిన్నగా, కరకర మొదలైంది.

ఎవరూ తిరగలేదు.